మొదటి బోర్డు గీసే ముందు

చర్లపల్లి, హైదరాబాదు

చిరంజీవి తమ్ముడు చిన్నాకు,

  మిరపకు ఈసారి నల్ల తామర పురుగు బెడద తగ్గిందని, పత్తి రెండో తీత అయిపోయిందని పిన్ని ఫోన్లో చెప్పింది. బాబాయి మోకాలి నొప్పి కూడా నయమేనట. సంతోషం.

ఇక నీ సంగతి. "మైక్రోకంట్రోలర్ బోర్డు మనమే గీసుకోవాలంటే ఈజీ సాఫ్ట్‌వేర్ ఏదక్కా?" అని ఒక్క ముక్క మెసేజీ పెట్టావు. దానికి ఒక్క ముక్కలో జవాబు ఉంది: కీక్యాడ్ నేర్చుకో. కానీ ఎందుకో తెలియకుండా నేర్చుకుంటే మొదటి వారంలోనే విసుగొచ్చి వదిలేస్తావు. నీ స్నేహితుడెవడో ఇంకోటి సులువంటాడు, దాని వెనక పోతావు. అందుకే కూర్చుని రాస్తున్నాను. ఓపిగ్గా చదువు.

నువ్వు పంపిన బ్రెడ్‌బోర్డు ఫోటో చూశాను. ఆర్డుయినో నానో, రిలే మాడ్యూలు, సిమ్ పెట్టే మాడ్యూలు, వాటి మధ్య జంపర్ వైర్లు. టేబుల్ మీద చక్కగా పనిచేస్తోందన్నావు. పని చేస్తుంది. దాన్నే తీసుకెళ్లి బోరు దగ్గర డబ్బాలో పెట్టు. మోటారు లేచినప్పుడల్లా డబ్బా అదురుతుంది, దుమ్ము పడుతుంది, ఎండకు ప్లాస్టిక్ వదులవుతుంది. ఏ వైరు ఎప్పుడు ఊడిందో వెతుక్కోవడంతోనే సరిపోతుంది. సొంత బోర్డు కావాలని నీకు అనిపించడం సరైన ఆలోచనే. డిప్లొమా ప్రాజెక్టు కోసం కొన్న మాడ్యూళ్లను అట్టముక్క మీద అతికించి చూపించేవాళ్లే ఎక్కువ. నువ్వు అక్కడితో ఆగకపోవడం నాకు నిజంగా గర్వంగా ఉంది.

సాఫ్ట్‌వేర్ ఎంచుకునేటప్పుడు చాలామంది మొదటి రోజు ఎంత సులువుగా ఉందన్నదే చూస్తారు. అది చూడాల్సిందే, కానీ అదొక్కటే కాదు. రెండేళ్ల తర్వాత ఆ బోర్డులో ఒక రెసిస్టర్ మార్చాలనుకో. ఆ రోజు నీ ఫైలు తెరుచుకుంటుందా? డబ్బు కట్టమంటుందా? ఇంటర్నెట్ లేకపోతే పనికొస్తుందా? గీసిన బొమ్మను ఏ తయారీదారుకైనా పంపగలవా, లేక ఒక్కడి దగ్గరే చేయించుకోవాలా? నేను ఈ బోర్డుల పనిలోకి వచ్చాక మనుషులు ఎక్కువసార్లు ఇబ్బంది పడటం చూసింది ఇక్కడే. మా వీధిలోనే ఒక చిన్న యూనిట్ ఉండేది. అద్దె లైసెన్సు మీద బోర్డులు గీసుకున్నారు. లైసెన్సు కట్టడం ఆపేశాక తమ సొంత డ్రాయింగులు తామే మార్చుకోలేకపోయారు. కస్టమర్ చిన్న మార్పు అడిగితే పాత బోర్డును ముందు పెట్టుకుని, రాగి గీతలు చూసి మళ్లీ మొదట్నించీ గీశారు. సాఫ్ట్‌వేర్ వాళ్ల తప్పేం లేదు, షరతులు ముందే రాసి ఉన్నాయి. చదవకుండా దిగారు.

నీకు ఎదురయ్యే పేర్లు ఒక్కొక్కటీ చెబుతాను.

టింకర్‌క్యాడ్ నీకు తెలుసు. సర్క్యూట్ ఎలా నడుస్తుందో తెర మీద చూసుకోవడానికి, ఆర్డుయినో కోడ్ పరీక్షించుకోవడానికి మంచిది. కానీ బోర్డు తయారీకి పంపే ఫైలు నేరుగా దాంట్లోంచి రాదు. ఫ్రిట్జింగ్ జర్మనీలోని పోట్స్‌డామ్ అనువర్తిత శాస్త్రాల విశ్వవిద్యాలయంలో 2007లో మొదలైంది. బ్రెడ్‌బోర్డు బొమ్మ అచ్చు ఫోటోలాగా వస్తుంది, ప్రాజెక్టు రికార్డులో పెట్టుకోవడానికి దానికి మించింది లేదు. బోర్డు గీసేసరికి మాత్రం చేతులు కట్టేసినట్టుంటుంది. నువ్వు నెల తిరక్కుండా దాన్ని దాటిపోతావు.

ప్రోటియస్ మీ కాలేజీ ల్యాబులో ఉందన్నావు. మన పాలిటెక్నిక్‌లలో చాలాచోట్ల సిమ్యులేషన్‌కు అదే నేర్పుతారు. మైక్రోకంట్రోలర్‌లో నువ్వు రాసిన ప్రోగ్రామును సర్క్యూట్‌తో కలిపి నడిపి చూపించడంలో అది గట్టిది. ల్యాబులో ఉన్నంతసేపు వాడుకో. కానీ అది కొనుక్కోవాల్సిన సాఫ్ట్‌వేర్. పెన్‌డ్రైవులో ఎవడో తెచ్చిన క్రాక్ కాపీ నీ ల్యాప్‌టాప్‌లో వేయకు. ఆల్టియం విషయమూ అంతే. పెద్ద కంపెనీల్లో అది వాడతారు, దాని ధర మనలాంటి ఇళ్లకు అందేది కాదు. అక్కడ ఉద్యోగం వస్తే వాళ్లే కొని నేర్పుతారు. దొంగ కాపీతో వచ్చే వైరస్‌ల సంగతి అలా ఉంచు, రేపు నువ్వు పది బోర్డులు చేసి అమ్మాలనుకున్న రోజున అది నీ మెడకు చుట్టుకుంటుంది. ఉచితంగా, న్యాయంగా, అంతే మంచిది దొరుకుతున్నప్పుడు ఆ దారి ఎందుకు?

ఈగిల్ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. యూట్యూబ్‌లో పాత పాఠాలు వెతికితే సగం అవే వస్తాయి. 1988లో జర్మనీ కంపెనీ క్యాడ్‌సాఫ్ట్ మొదలుపెట్టింది. ఆర్డుయినో ఊనో డిజైన్ ఫైళ్లు బయటికొచ్చింది కూడా ఈగిల్‌లోనే. సొంతంగా బోర్డులు చేసుకునే ఒక తరమంతా దాని మీదే నేర్చుకుంది. 2016లో ఆటోడెస్క్ దాన్ని కొన్నది, తర్వాత ఫ్యూజన్‌లో కలిపింది. 2026 జూన్ 7 తర్వాత ఈగిల్ ఉండదని 2023లోనే ప్రకటించింది. ఉచితంగా ఇచ్చిన దాంట్లోనూ రెండు పొరలు, 80 చదరపు సెంటీమీటర్ల బోర్డు అనే హద్దు ఉండేది. ఇప్పుడు కొత్తగా దాన్ని మొదలుపెట్టడంలో అర్థం లేదు. పాత పాఠాలు చూడొద్దనడం లేదు, బోర్డు గీసే ఆలోచన వాటిలో బాగానే చెప్పారు. మెనూలు మాత్రం నీకు పనికిరావు.

మిగిలింది రెండు. ఈజీఈడీఏ, కీక్యాడ్. నీ స్నేహితుడు చెప్పేది ఈజీఈడీఏ గురించే అనుకుంటాను. వాడి మాట తీసేయాల్సింది కాదు. బ్రౌజర్‌లోనే తెరుచుకుంటుంది, పెద్దగా ఇన్‌స్టాల్ గొడవ లేదు. చైనాలోని షెన్‌జెన్‌లో విడిభాగాలమ్మే ఎల్‌సీఎస్‌సీ, బోర్డులు చేసే జేఎల్‌సీపీసీబీ, ఈజీఈడీఏ మూడూ ఒకే గూటివి. అందుకే నువ్వు ఒక విడిభాగం వెతికితే దాని గుర్తు, బోర్డు మీద దాని కాళ్లకు కావలసిన రంధ్రాల కొలత, దాని ధర, నిల్వ అన్నీ ఒకేచోట జతపడి వస్తాయి. కొత్తవాళ్లు ఎక్కువగా తప్పేది ఆ జత దగ్గరే కాబట్టి ఇది చిన్న విషయం కాదు. ఒక్క సాయంత్రంలో బోర్డు గీసి ఆర్డరు నొక్కేయవచ్చు. 100 మిల్లీమీటర్ల లోపు రెండు పొరల బోర్డులు ఐదింటికి 2 డాలర్లే అని వాళ్లు ఇచ్చే ధర ప్రపంచమంతా తెలిసిందే. దాని మీద రవాణా, కస్టమ్స్ పడతాయి. చివరికి బోర్డు కంటే అవే ఎక్కువవుతాయి.

అయినా నేను నీకు దాన్ని మొదటిదిగా చెప్పను. బ్రౌజర్‌లో గీస్తే నీ ఫైళ్లు వాళ్ల సర్వర్‌లో ఉంటాయి. నువ్వు విడిగా దించుకోకపోతే నీ దగ్గర ఏమీ ఉండదు. మన ఊళ్లో నెట్ ఎప్పుడు పోతుందో ఎప్పుడొస్తుందో నీకు చెప్పక్కర్లేదు. అసలు కారణం ఇంకొకటుంది. విడిభాగం, కొలత, తయారీదారు అన్నీ ముందే జతచేసి ఇస్తే ఆ జత ఎలా కుదిరిందో నువ్వు నేర్చుకోవు. కోఠి గుజరాతీ గల్లీలో నువ్వు కొన్న రిలే వాళ్ల జాబితాలో లేనిరోజున ఆగిపోతావు.

కీక్యాడ్ కథ వింటే నీకు నచ్చుతుంది. 1992లో ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో జాఁ పియెర్ షరాస్ అనే అధ్యాపకుడు మొదలుపెట్టాడు. చాలా ఏళ్లు కొద్దిమంది చేతుల్లోనే పెరిగింది. 2013 నుంచి సెర్న్ ఇంజినీర్లు అందులో చేయివేశారు. భూమి లోపల సొరంగంలో కణాలను ఢీకొట్టించే ఆ సెర్నే. తమ డిజైన్లు అందరూ తెరిచి చూడగలిగే సాఫ్ట్‌వేర్‌లో ఉండాలన్నది వాళ్ల పట్టుదల. 2019లో అది లైనక్స్ ఫౌండేషన్ నీడలోకి వచ్చింది. ఇప్పుడు ఏటా ఒక కొత్త వెర్షన్ వస్తోంది, 9వది 2025 ఫిబ్రవరిలో వచ్చింది. డబ్బు కట్టనక్కర్లేదు. బోర్డు సైజుకు హద్దు లేదు. పొరల లెక్కకు మనలాంటి వాళ్లం చేరే హద్దు లేదు. గీసినదాన్ని అమ్ముకున్నా అడిగేవాళ్లు లేరు. మన దేశంలో ఐఐటీ బొంబాయి వాళ్ల ఫాసీ ప్రాజెక్టు తయారుచేసిన ఈసిమ్ అనే సాఫ్ట్‌వేర్‌లో సర్క్యూట్ గీసే భాగం కూడా కీక్యాడే. కాబట్టి కీక్యాడ్ నేర్చుకుంటే ఈసిమ్‌లో గీయడమూ వచ్చినట్టే.

దాని ఫైళ్లు మామూలు అక్షరాలే. నోట్‌ప్యాడ్‌లో తెరిచి చదవొచ్చు. పదేళ్ల తర్వాత ఆ సాఫ్ట్‌వేర్ లేకపోయినా నీ బోర్డులో ఏ కాలు దేనికి కలిసిందో ఆ ఫైల్లో కనబడుతుంది. ఈగిల్ ఫైళ్లను తెరుస్తుంది, 8వ వెర్షన్ నుంచి ఈజీఈడీఏ ఫైళ్లనూ తెరుస్తుంది. అంటే నీ స్నేహితుడు గీసినదాన్ని నువ్వు చదవగలవు. ఒక జాగ్రత్త. కొత్త వెర్షన్‌లో సేవ్ చేసింది పాత వెర్షన్‌లో తెరుచుకోదు. కాలేజీ ల్యాబులోనూ నీ ల్యాప్‌టాప్‌లోనూ ఒకే వెర్షన్ ఉంచుకో. దించుకోవాల్సింది ఒక గిగాబైటు పైనే ఉంటుంది కాబట్టి కాలేజీ నెట్‌లో దించుకుని పెన్‌డ్రైవులో తెచ్చుకో. ఒకసారి వేశాక నెట్‌తో పనిలేదు. లైబ్రరీలన్నీ నీ ల్యాప్‌టాప్‌లోనే ఉంటాయి.

దానిలోనూ మొదట కష్టపెట్టేవి రెండున్నాయి. అవి ముందే తెలిస్తే వదిలేయవు.

మొదటిది: స్కీమాటిక్‌లో నువ్వు పెట్టే గుర్తు వేరు, బోర్డు మీద దాని ఫుట్‌ప్రింట్ వేరు. రెండూ నువ్వే కలపాలి. రెసిస్టర్ గుర్తు ఒకటే, కానీ అది కాళ్లున్న పావు వాటుదా, బోర్డు మీద అతికే చిన్న 0805దా అన్నది సాఫ్ట్‌వేర్‌కు తెలియదు, నీకు తెలుసు. చాలామందికి ఇక్కడే విసుగొస్తుంది. నాకు మాత్రం ఈ పని మొత్తంలో అసలు నేర్చుకోవాల్సింది ఇదే అనిపిస్తుంది. బీసీ547 ట్రాన్సిస్టర్ చదునైన వైపు నీకెదురుగా పెట్టుకుంటే ఎడమనుంచి కలెక్టర్, బేస్, ఎమిటర్. అదే ఆకారంలో వచ్చే 2ఎన్3904లో ఎమిటర్ ముందుంటుంది. గుర్తు ఒకటే, ఆకారం ఒకటే, కాళ్ల వరస తిరగబడింది. షాపువాడు ఒకటి లేదని ఇంకొకటి ఇస్తే బోర్డు పనిచేయదు. విడిభాగం డేటాషీటు తెరిచి, కాలి నంబరుకు నంబరు సరిచూసుకోవడం నీకు అలవాటైతే చాలు, మిగతాదంతా మౌసు పనే.

రెండోది: స్కీమాటిక్ గీశాక ఈఆర్‌సీ అనే తనిఖీ నడిపితే, అంతా సరిగా ఉన్నా పవర్ పిన్నుకు కరెంటు ఇచ్చేవాళ్లు లేరని ఎర్ర బాణాలు చూపిస్తుంది. కరెంటు కనెక్టర్ నుంచి వస్తోందని దానికి అర్థం కాదు. పవర్‌ఫ్లాగ్ అనే గుర్తు ఒకటి 5 వోల్టుల లైనుకు, ఒకటి గ్రౌండుకు తగిలిస్తే ఊరుకుంటుంది. ఇది తెలియక కీక్యాడ్ చెడ్డదని వదిలేసినవాళ్లున్నారు.

ఇప్పుడు బోర్డు సంగతి. నువ్వు మొదటగా గీయాలనుకుంటున్నది బోరు మోటారు స్టార్టర్. వద్దు చిన్నా. ఇది నా సలహా కాదు, నా పట్టు. త్రీఫేజు లైన్ల మధ్య 415 వోల్టులుంటాయి. రిలే కాళ్ల దగ్గర, టెర్మినల్ దగ్గర ఆ వోల్టేజీకీ నీ 5 వోల్టుల భాగానికీ మధ్య కనీసం 6 మిల్లీమీటర్ల ఖాళీ, వీలైతే 8 వదలాలి. మధ్యలో బోర్డును కోసి గాడి పెట్టాలి. రాగి వెడల్పు లెక్కేయాలి. మొదటిసారి గీసేవాడి చేతిలో ఇవన్నీ కుదరవు. స్టార్టర్ డబ్బా ముట్టుకుని రైతు పోయాడన్న వార్త చదవని ఏడాది నాకు గుర్తులేదు. దానికి తోడు కరెంటు రాగానే లైను మీది మోటార్లన్నీ ఒక్కసారి లేస్తే ట్రాన్స్‌ఫార్మర్ తట్టుకోదు కాబట్టి ఆటో స్టార్టర్లు పెట్టొద్దని కరెంటు ఆఫీసువాళ్లు ఏళ్లుగా మొత్తుకుంటున్నారు. ముందుముందు నువ్వు అది చేసినా, కరెంటు వచ్చాక ఒక్కో బోర్డు ఒక్కో సమయం ఆగి మోటారు వేసేలా ప్రోగ్రాము రాయాలి. ఇప్పటికి దాన్ని పక్కన పెట్టు.

దానికి బదులు పెదనాన్న పొగాకు ఆరబెట్టే బ్యారన్‌కు వేడి చూసే బోర్డు గీయి. ఇంతకంటే మంచి మొదటి బోర్డు మన పొదిలి చుట్టుపక్కల ఇంకోటి లేదని నా నమ్మకం. ఆకు పండే దశలో 35 డిగ్రీల అటూఇటూ నిలపాలి. మెల్లమెల్లగా పెంచుకుంటూ ఈనె ఎండే చివరి దశకు 70 దగ్గరికి తేవాలి. అదంతా రోజుల తరబడి పని. రాత్రంతా ఒక మనిషి పొయ్యిలో కట్టె వేస్తూ, గాజు కిటికీలోంచి టార్చి కొట్టి థర్మామీటర్ చూస్తూ ఉండాలి. వేడి ఒక్కసారి ఎగిరితే ఆకు రంగు పోతుంది, రంగు పోతే పొదిలి వేలం కేంద్రంలో గ్రేడు పోతుంది. నీ బోర్డు పొయ్యిని నడపక్కర్లేదు. వేడి ఎంతుందో పెద్ద అంకెల్లో చూపించి, హద్దు దాటితే కూత పెడితే చాలు. మనిషి ఎలాగూ అక్కడే ఉంటాడు కాబట్టి బోర్డు ఆగిపోయినా నష్టం లేదు. ఉన్నది 5 వోల్టులే కాబట్టి చేయి తగిలినా ప్రమాదం లేదు. నువ్వు తప్పు చేయడానికి వీలున్న చోటు అది. మొదటి బోర్డుకు అలాంటి చోటు కావాలి.

దానికి కావలసినవి కొన్నే. ఆర్డుయినో నానోను అలాగే వాడుకో. దాని కాళ్లు దిగే సాకెట్లను మాత్రం నీ బోర్డు మీద పెట్టు. చిప్‌ను నేరుగా దించి, క్రిస్టల్, కెపాసిటర్లు, ప్రోగ్రామింగ్ లైన్లు అన్నీ నువ్వే గీయడం రెండో బోర్డుకు ఉంచు. కీక్యాడ్ లైబ్రరీలో నానో గుర్తూ ఫుట్‌ప్రింటూ రెండూ ఉన్నాయి. ఈఎస్‌పీ32 పెట్టాలని నీకు ఉబలాటంగా ఉంటుంది, ఫోనుకు మెసేజీ పంపొచ్చని. ఆ డెవలప్‌మెంట్ బోర్డుల్లో 30 కాళ్లవి, 38 కాళ్లవి ఉన్నాయి. ఒకే లెక్క కాళ్లున్నవాటిలోనూ రెండు వరసల మధ్య దూరం అమ్మేవాణ్ణి బట్టి మారుతుంది. నెట్‌లో దొరికిన ఫుట్‌ప్రింట్ పెట్టేస్తే సాకెట్‌లో దిగదు. నానోకు ఆ బెడద లేదు, రెండు వరసలూ 15.24 మిల్లీమీటర్ల దూరంలో ఉంటాయి.

వేడి కొలవడానికి డీఎస్18బీ20 తీసుకో. స్టీలు గొట్టంలో, పొడుగు వైరుతో దొరుకుతుంది. 125 డిగ్రీల దాకా తట్టుకుంటుంది, 85 లోపు అర డిగ్రీ తేడాతో చెబుతుంది. ఒక్కో దానికి సొంత నంబరు ఉంటుంది కాబట్టి మూడింటిని ఒకే వైరు మీద వేయొచ్చు. ఒకటి కింది వరస దగ్గర, ఒకటి పైన, ఒకటి మధ్యలో. డేటా లైనుకూ 5 వోల్టులకూ మధ్య 4.7 కిలో ఓముల రెసిస్టర్ ఒక్కటే పెట్టాలి, మూడింటికి మూడు కాదు. బజర్‌ను నానో కాలికి నేరుగా కట్టకు, బీసీ547 ద్వారా నడుపు, బేస్‌కు 1 కిలో ఓము. చూపించడానికి ఐ2సీ మాడ్యూలున్న 16 అక్షరాల ఎల్‌సీడీ. కరెంటుకు మొబైల్ ఛార్జరు. కరెంటు పోతుంది కాబట్టి పవర్ బ్యాంకు పెడదామనుకుంటావు. ఇంత తక్కువ వాడకం చూసి చాలా పవర్ బ్యాంకులు వాటంతటవే ఆరిపోతాయి. ఎల్‌సీడీ లైటు వెలిగించే ఉంచి ముందు ఇంట్లో ఒక రాత్రంతా పెట్టి చూడు.

గీయడం మొదలుపెట్టు. స్కీమాటిక్‌లో ఏ నొక్కితే విడిభాగం, డబ్ల్యూ నొక్కితే వైరు, ఆర్ నొక్కితే తిప్పడం. అన్నిటికీ ఫుట్‌ప్రింట్ పెట్టాక ఈఆర్‌సీ నడిపి, బోర్డు ఎడిటర్‌లోకి వెళ్లి ఎఫ్8 నొక్కు. విడిభాగాలన్నీ కుప్పగా వచ్చి పడతాయి, వాటి మధ్య సన్నటి దారాలు కనిపిస్తాయి. అప్పుడే ఎక్స్ నొక్కి రాగి గీతలు వేయడానికి ఎగబడకు. ముందు బోర్డు అంచు గీయి. సెన్సర్ వైర్లు బిగించే స్క్రూ టెర్మినళ్లు ఒక అంచుకు, యూఎస్‌బీ పోర్టు ఇంకో అంచుకు బయటికి చూసేలా పెట్టు. నాలుగు మూలలా 3.2 మిల్లీమీటర్ల స్క్రూ రంధ్రాలు పెట్టు. దారాలు తక్కువ అడ్డం పడేలా విడిభాగాలను తిప్పుతూ జరుపుతూ ఉండు. ఈ సర్దుడు మీద గడిపిన గంట వృథా కాదు. సర్దుడు బాగుంటే గీతలు వాటంతటవే కుదురుతాయి. గీతలు తనే వేసే ఆటోరౌటర్ తగిలించుకోవచ్చు, మొదటి బోర్డుకు మాత్రం చేత్తోనే వేయి. 5 వోల్టుల గీత 1 మిల్లీమీటరు, మిగతావి 0.4 పెట్టుకో. కింది పొరంతా గ్రౌండు నింపి, చివర డీఆర్‌సీ అనే బోర్డు తనిఖీ నడిపి ఒక్క తప్పూ లేదనిపించుకో. బోర్డు మీద ప్రతి టెర్మినల్ పక్కనా దాని పేరు తెలుగులో రాయి. కీక్యాడ్‌లో తెలుగు ఫాంటుతో అక్షరాలు పెట్టే వీలుంది. పెదనాన్న చదువుకుని తనే వైరు బిగించుకోవాలి.

ఆ తర్వాతి మెట్టు చాలామంది దాటేస్తారు, నువ్వు దాటకు. బోర్డును 1:1 కొలతలో ప్రింటుకు ఇవ్వు. జిరాక్సు షాపులో ఫిట్ టు పేజ్ అని ఉన్న టిక్కు తీయించి, అసలు సైజులోనే తియ్యమను. లేదంటే అంచులు వదిలి కాస్త చిన్నదిగా వస్తుంది, కంటికి తెలియదు. అందుకే బోర్డు పక్కన 100 మిల్లీమీటర్ల గీత ఒకటి గీసి పెట్టు. కాగితం రాగానే ఆ గీత మీద స్కేలు పెట్టి కొలువు. సరిగ్గా 100 ఉంటేనే మిగతాది చూడు. కాగితాన్ని థర్మోకోల్ ముక్క మీద పరిచి, నానోను, టెర్మినళ్లను, బజర్‌ను, ట్రాన్సిస్టర్‌ను దాని దాని చోట గుచ్చు. కాళ్లు రంధ్రాల గుర్తుల మధ్యలో దిగాలి. స్క్రూ టెర్మినళ్లు 5 మిల్లీమీటర్లవి, 5.08 వి రెండూ దొరుకుతాయి. రెండు కాళ్లదైతే తేడా తెలియదు, ఆరు కాళ్లదైతే చివరి కాలు దిగదు. టెర్మినల్‌లోకి స్క్రూడ్రైవర్ వెళ్లడానికి చోటుందా, నానోకు యూఎస్‌బీ వైరు పెడితే పక్కదానికి తగులుతుందా, ఇవన్నీ కాగితం మీదే తెలిసిపోతాయి. తెర మీద త్రీడీ బొమ్మ ఎంత అందంగా ఉన్నా ఈ కాగితం చెప్పినంత చెప్పదు.

తయారీకి కీక్యాడ్ నుంచి గెర్బర్ ఫైళ్లు, డ్రిల్ ఫైలు తీసి జిప్ చేస్తే చాలు, అవి ఎవరైనా తీసుకుంటారు. చైనాకే పంపాలని లేదు. మన దేశంలో గాంధీనగర్‌లో పీసీబీ పవర్, బెంగళూరులో లయన్ సర్క్యూట్స్ చిన్న ఆర్డర్లు కూడా చేస్తారు. అందరి దగ్గరా ధర అడుగు. కస్టమ్స్, రవాణా కలిపి చూస్తే లెక్క ఎటు తేలుతుందో నువ్వే వేసుకో. రెండు పొరలు, 1.6 మిల్లీమీటర్ల మందం, 35 మైక్రాన్ల రాగి అని చెబితే సరిపోతుంది. ఫెర్రిక్ క్లోరైడులో ఇంట్లోనే రాగి కరిగించి చేసుకోవచ్చు కదా అని నీకు అనిపిస్తుంది. ఒకసారి చేసి చూడు, రాగి ఎలా తయారవుతుందో కళ్లారా చూస్తావు. చేతికి తొడుగులు వేసుకో, ఆ నీళ్లు కాలవలో పోయకు. పొలంలో పెట్టే బోర్డుకు మాత్రం పచ్చపూత, రంధ్రాల లోపల రాగిపూత ఉండే ఫ్యాక్టరీ బోర్డే కావాలి.

సెలవుల్లో హైదరాబాదు వస్తే రాయదుర్గంలో టీవర్క్స్‌కు తీసుకెళతాను. 2023 మార్చి 2న తెరిచారు. ఆలోచనను వస్తువుగా చేసి చూసుకోవడానికి ప్రభుత్వం కట్టిన పెద్ద కేంద్రం. బోర్డుల మీద విడిభాగాలు అతికే యంత్రాలు నడుస్తుంటే చూస్తే, నువ్వు తెర మీద పెట్టే ఒక్కో ప్యాడ్ ఎందుకు ఆ సైజులో ఉండాలో అర్థమవుతుంది. అక్కణ్ణించి కోఠికి పోయి నీకు కావలసిన సాకెట్లు, కనెక్టర్లు కొనుక్కుందాం. టంకం పెట్టడానికి మంచి ఐరన్ ఒకటి నేను కొనిపెడతాను, చవకది కొనకు.

కీక్యాడ్ వచ్చాక రెండో పనిగా ఆర్డుయినో ఊనో ఈగిల్ ఫైళ్లు దించుకుని అందులో తెరువు. ప్రపంచంలో అంతమంది వాడిన బోర్డును గీసినవాళ్లు కెపాసిటర్‌ను చిప్‌కు ఎంత దగ్గర పెట్టారో, క్రిస్టల్ గీతలు ఎంత పొట్టిగా వేశారో, గ్రౌండు ఎలా నింపారో ఒక్కొక్కటీ చూడు. ఏ పాఠంలోనూ అంత దొరకదు.

ఫిబ్రవరి చివరకల్లా బ్యారన్లు ఆగిపోతాయి. కాబట్టి సంక్రాంతి లోపు స్కీమాటిక్ అవగొట్టు. ఆర్డరు నొక్కే ముందు ప్రాజెక్టు ఫోల్డరు మొత్తం జిప్ చేసి నాకు పంపు. దాంతోపాటు థర్మోకోల్ మీద విడిభాగాలు గుచ్చిన కాగితం ఫోటో, పక్కన స్కేలు కనబడేలా తీసి పెట్టు. నేను చూసి సరే అన్నాకే డబ్బు కట్టు.

పిన్నికి, బాబాయికి నా నమస్కారాలు చెప్పు.

ప్రేమతో,
అక్క